పదకొండో గది లైటు

మా బావకు ఆకుపచ్చ, నారింజ రంగులు ఒక్కలాగే కనిపిస్తాయి. ఇంట్లో అది మాకు నవ్వులాట. ఆయన చొక్కా అక్క తీసిపెట్టాల్సిందే, లేకపోతే ఏ పెళ్ళికి వెళ్ళినా నలుగురూ తల తిప్పి చూసేలా తయారవుతాడు. ఆస్పత్రిలో మాత్రం ఈ సంగతి ఎవరికీ తెలియదు. పంతొమ్మిదేళ్ళుగా అక్కడి నెట్‌వర్క్ అంతా ఆయన చేతిమీదుగానే నడుస్తోంది. నాకు అందులో ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే.

గదుల నుంచి వచ్చే కేబుళ్ళన్నీ చేరే పెట్టెను స్విచ్ అంటాం. పాత స్విచ్‌లో ఒక్కో కేబుల్‌కు రెండు లైట్లు ఉండేవి. ఎడమది వెలిగితే దారి బాగున్నట్టు, కుడిది వెలిగితే మూసుకున్నట్టు. బావకు రంగుతో పని పడలేదు. కిందటి నెల పెట్టిన కొత్తదాంట్లో లైటు ఒక్కటే. ఆకుపచ్చ అయితే గదిలోని యంత్రం చూపే అంకెలు నర్సు తెరకు పోతున్నట్టు. నారింజ అయితే కేబుల్ తగిలించే ఉంది గానీ, స్విచ్ ఆ దారిని ఆపేసినట్టు. అది బిగించిన రోజే బావకు ఇది కుదరదని నాకు అర్థమైంది. అయినా పెద్దవాడు, ఏదో తంటాలు పడతాడులే అని ఊరుకున్నాను.

మంగళవారం ఉదయం హెడ్ నర్సు ఫోన్ చేసింది. పదకొండో గది రోగి ఊపిరి, గుండె అంకెలు ఆమె బల్ల మీది తెరకు రావడం లేదు. ఆ గది వరండా చివర ఉంటుంది, తలుపు మూసి ఉంటుంది. మేము వెళ్ళేసరికి ఆమె స్విచ్ దగ్గరే నిలబడి ఉంది.

బావ వంగి చూశాడు.

"పచ్చగానే ఉంది సిస్టర్. లైన్లో ఏం లేదు. మీ తెరే మొరాయిస్తోంది. ఒకసారి ఆపి మళ్ళీ వేయండి."

"అంతవరకు గదిలో ఎవరినైనా కూర్చోబెట్టనా?"

"ఎందుకండీ, ఐదు నిమిషాల పని."

నేను ఆయన వెనకే ఉన్నాను. అన్ని లైట్లలో పదకొండో గదిది ఏదో సిస్టర్‌కు తెలియదు, నాకు తెలుసు. అది నారింజ రంగులో నిలకడగా వెలుగుతోంది. పరాయివాళ్ళ ముందు బావ మాట కొట్టేయడం మా ఇంట్లో లేదు. పక్కకు వచ్చాక చెవిన వేద్దామనుకున్నాను. ఇంతలో ఆయనకు ఫోన్ వచ్చింది. మాట్లాడుతూనే మెట్లు దిగాడు. మధ్యలో ఆపడం బాగుండదని నేను మెట్ల దగ్గర నిలబడ్డాను. అంత మర్యాదస్థుణ్ణి మరి.

పావుగంటకు, గది తుడవడానికి వెళ్ళిన ఆయా లోపలి నుంచి అరిచింది. ఆక్సిజన్ గొట్టం జారిపోయి రోగి పెదాలు నల్లబడ్డాయి. మనిషి బతికాడు. మాట మాత్రం పోయింది.

మధ్యాహ్నం సూపరింటెండెంట్ మమ్మల్ని పిలిపించాడు. లైటు చూసింది ఎవరని అడిగాడు. బావ రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిదేళ్ళుంది.

"నేనేనండి," అన్నాను.

"వాడు అబద్ధం చెబుతున్నాడండి," అన్నాడు బావ. "చూసింది నేను. నాకు ఆ రెండు రంగులూ ఒక్కటే. ఇన్నాళ్ళూ దాచాను."

తర్వాత నా వైపు తిరిగాడు. "అది నారింజ అని నీకు తెలుసా?"

తల ఊపాను.

"ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు వంగినప్పుడే."

"మరి ఎందుకు చెప్పలేదురా?"

"నీ పరువు పోతుందని, బావా."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఆ రోగి కూతురు బయట కూర్చుంది," అన్నాడు. "వెళ్ళి ఆ మాట ఆమెకు చెప్పు."

వెళ్ళాను. నా మెడలో ఆస్పత్రి కార్డు చూసి ఆమె గబుక్కున లేచింది.

"మా నాన్న గది లైను బాగుచేసింది మీరేనా అండీ?"

"కాదమ్మా," అన్నాను. "చూసి కూడా నోరు మూసుకున్నవాణ్ణి నేను."