అమ్మ వెతికిన ముఖం

నదిమీద మంచు. బొగ్గు పొగ, ఉప్పు, తడిసిన తాళ్ళ వాసన.

న్యూయార్క్ రేవులో జెలిగ్ నిలబడ్డాడు. కొత్త టోపీ. ఇస్త్రీ చొక్కా. ఎడమ కన్ను సరిగా కనబడదు — అందుకే తల పక్కకు తిప్పి చూస్తాడు, పిట్టలా.

అమ్మను చూసి తొమ్మిదేళ్ళు.

పదిహేడేళ్ళప్పుడు రష్యాలోని పిన్స్క్ ఊరి నుంచి ఒంటరిగా వచ్చాడు. కుట్టుపనిలో చేరాడు, నిలవలేదు. ఆ చేతుల బలం చూసి ముసలి కోచ్ మెండెల్ బాక్సింగ్‌లోకి లాగాడు.

"ఒరే, ఆ ముక్కుని ఇంట్లో దాచి రారాదూ! ఊరంతా దాన్నే కొడుతోంది," అనేవాడు మెండెల్, నెత్తుటి ముక్కులో దూది కుక్కుతూ.

అరవై ఆరు పోటీలు.

ముక్కు రెండుసార్లు విరిగింది. చెవి వాచి ముద్దలా ముడుచుకుపోయింది. కనుబొమ్మ చీలింది, కుట్లు పడ్డాయి, మళ్ళీ చీలింది...

మధ్యలో అక్కడ యుద్ధం వచ్చింది. అమ్మ ఉత్తరాలు ఆగిపోయాయి. అతను ఆగలేదు. డబ్బు కూడబెట్టి ఎప్పటికైనా ఆమెను రప్పించాలి.

తను రాసే ప్రతి ఉత్తరంలోనూ ఒకటే అబద్ధం — "బేకరీలో పని, అమ్మా. వెచ్చగా ఉంటుంది."

యుద్ధం ముగిశాక, ఇవాళ ఆమె వస్తోంది. ఓడ ఆగింది. జనం దిగారు.

అమ్మ దిగింది. ఎంత చిన్నదైపోయింది! తలగుడ్డ, చంకలో మూట. ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ వచ్చింది. అతని ముఖమూ చూసింది.

దాటి వెళ్ళిపోయింది.

"అమ్మా!"

ఆగింది. వెనక్కి తిరిగి, మర్యాదగా —

"ఎవరు బాబూ మీరు? నన్ను తీసుకురమ్మని మా జెలిగ్ పంపాడా?"

ఎందరు కొట్టినా కూలనివాడు రేవు గట్టుమీది ఇనుప కమ్మీ పట్టుకున్నాడు.

"నేనే... నేనేనమ్మా."

ఆమె చాలాసేపు చూసింది. "గొంతు మావాడిదే," అంది, తనలో తను అనుకుంటున్నట్టు.

అతని గదిలో సూప్ చల్లారిపోయింది. ఆమె ముట్టలేదు.

"ఏ బేకరీరా నిన్నిలా చేసింది?"

అతను సూప్ గిన్నె తీసి మళ్ళీ పొయ్యిమీద పెట్టాడు.

మర్నాడు మెండెల్ గుమ్మంలోంచే చెప్పాడు. "గురువారం పోటీ. కుర్రాడు గట్టివాడు, నీ ఎడమవైపే చూసుకుని కొడతాడు. మానేస్తావా?"

మానేసి ఏం చెయ్యాలి? వేళ్ళు సూదిలో దారం కూడా ఎక్కించలేవు.

"వస్తాను," అన్నాడు.

గురువారం మధ్యాహ్నం, బయలుదేరబోతుంటే, అమ్మ అతన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. తన కళ్ళు మూసుకుంది. నుదుటిమీద వేళ్ళు పెట్టింది. కుట్ల గాట్లు... వంకర ఎముక... ముడుచుకున్న చెవి...

"దొరికానా, అమ్మా?"



ఆమె వేళ్ళు మళ్ళీ నుదుటి దగ్గరికి వెళ్ళాయి. మొదటినుంచి వెతకడం మొదలుపెట్టాయి.