కుర్చీ కింద వెంట్రుక

గ్యారంటీ అంత పనికిమాలిన మనిషి ఈ భూమ్మీద ఇంకొకడు పుట్టలేదని సెలూన్ బాబాయి గట్టి నమ్మకం. గ్యారంటీ అంటే స్వయానా ఆయన బావమరిది. ప్రతి మాట చివరా "గ్యారంటీ బావా" అంటాడు కాబట్టి ఆ పేరు. వాన పడదు గ్యారంటీ అన్నాడంటే గొడుగు తీసుకుని బయల్దేరాలి. ఈ నూనె రాస్తే జుట్టు మొలుస్తుంది గ్యారంటీ అన్నాడంటే ఉన్న నాలుగు వెంట్రుకలూ దాచుకోవాలి. అంతా తెలిసి కూడా కిందటేడు వాడి మాట మీద బాబాయి ఫోన్లో పాత కుర్చీ ఒకటి కొన్నాడు.

కొన్నాడంటే, డబ్బు కట్టాడు. ఎర్ర తోలు సీటు, ధగధగలాడే ఇనుప చేతులు, ఫొటోలో పెళ్ళికూతురిలా ఉంది ఆ కుర్చీ. ముందు అడ్వాన్సు అన్నారు. తర్వాత లారీ ఖర్చన్నారు. దారిలో దెబ్బ తగిలితే పూచీ మాది, దానికింకొంత పంపమన్నారు. ఆపైన ఫోనే ఎత్తలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని బాబాయి నెత్తి కొట్టుకుంటుంటే, "అందరికీ జరిగేదే, ఊరుకో బావా" అని ఓదార్చి, ఇంత తిని, చెయ్యి కడుక్కుని పోయాడు గ్యారంటీ.

కొత్త కుర్చీ రాలేదు సరే, ఉన్న కుర్చీ రోజురోజుకీ పాడవుతోంది. కాలితో తొక్కితే పైకి లేచే రకం అది. లోపల నూనె పంపు చెడిపోయి, లేచినది లేచిన చోట నిలవడం మానేసింది. కూర్చున్నవాడి మొహం నురగ పట్టించేటప్పుడు బాబాయి గడ్డం ఎత్తున ఉంటే, కత్తి పట్టేసరికి రొమ్ము దగ్గరికి, రెండో చెంపకొచ్చేసరికి బొడ్డు దగ్గరికి దిగిపోతుంది. ఆయన కూడా దానితో పాటే వంగుతూ గీయాలి. మెకానిక్ వచ్చి చూసి, ఇలాంటి పంపుకి సామాను తయారవడం ఎప్పుడో ఆగిపోయిందని చేతులు దులుపుకున్నాడు.

ఆ వంగడంలోనే ఒకరోజు పోస్టు మాస్టారి చెవి కింద కత్తి గీసుకుంది. పెద్ద గాయమేం కాదు. కానీ మాస్టారు తువ్వాలు తీసి పక్కన పెట్టి, "గడ్డం గీయించుకుందామని వచ్చానయ్యా బాబాయ్, నూతిలోకి దిగుదామని కాదు" అని లేచిపోయారు. మర్నాడు చూస్తే ఎదురు షాపులో కూర్చుని ఉన్నారు.

ఎదురు షాపు అద్దాలాయనది. నాలుగు గోడలకీ అద్దాలు, పైన లైట్లు, మూడు కొత్త కుర్చీలు. ఒకప్పుడు బాబాయి దగ్గర కత్తెర పట్టడం నేర్చుకున్నవాడే. మర్యాదగానే అన్నాడు పాపం. "ఈ వయసులో నీకీ తిప్పలెందుకు బాబాయ్? నా మూడో కుర్చీ ఖాళీగా ఉంది. వచ్చెయ్. సగం నీకు, సగం నాకు." ఆ మర్యాదే బాబాయికి గొంతులో ముల్లయింది. కొత్త కుర్చీ కొనే తాహతు లేదు. నెలాఖరులోగా పాతదైనా ఒకటి దొరక్కపోతే షాపుకి తాళం వేసి ఆ మెట్లెక్కాలి. తన దగ్గర నేర్చుకున్నవాడి చేతి కింద నిలబడాలి.

అలాంటి రోజుల్లో బాబాయి భార్య ఫోన్ పట్టుకుని వచ్చింది. వీధిలో అందరికీ ఆవిడ పిన్ని. బాబాయి చదువు నాలుగో తరగతి గుమ్మం దగ్గరే ఆగిపోయింది కాబట్టి ఫోన్లో చదివే పనంతా ఆవిడదే.

"ఏవండీ, ఇటు చూడండి. సెలూన్ కుర్చీ. తొమ్మిది వేలేనట."

"తొమ్మిది వేలా? ఊరికే ఇస్తానన్నా వద్దు. మీ తమ్ముడికి చెప్పు, వాణ్ణి కూర్చోబెట్టి గుండు కొడతా."

"మధ్యలో మా తమ్ముడేం చేశాడండీ? ముందు మాట్లాడి చూడండి. మాటకి డబ్బులడగరుగా."

అమ్మేది ఒక ఆడమనిషి. గొంతు బండరాయి మీద గరిటె గీసినట్టుంది. అడ్వాన్సు ఎంతని బాబాయి అడిగితే, "అడ్వాన్సూ గిడ్వాన్సూ ఏమీ వద్దు. వచ్చి చూసుకుని, డబ్బు చేతిలో పెట్టి పట్టుకుపోండి" అంది. వీడియో పంపమంటే తన ఫోన్ పాతది, కుదరదంది.

బాబాయికి ఒళ్ళు మండింది. "చూశావుటే? అడ్వాన్సు అడిగితే నమ్మనని వీళ్ళకి తెలిసిపోయింది. ఇప్పుడు డబ్బు జేబులో పెట్టుకుని రమ్మంటున్నారు. సందు చివర నలుగురు కాచుకుని ఉంటారు."

"మీ జేబు కొట్టడానికి నలుగురెందుకండీ? ఒకడు చాలు, అదీ ఖాళీగా ఉన్నవాడు."

బాబాయి ఆ మాట విననట్టు నటించి తల గోక్కున్నాడు. అలా గోక్కుంటుంటేనే ఉపాయం తట్టింది. కుర్చీ ముందువైపు ఫొటోలు ఎక్కడైనా దొరుకుతాయి, ఎవడైనా దొంగిలించి పెట్టుకుంటాడు. కింద ఫొటో ఎక్కడ దొరుకుతుంది? కాళ్ళు పెట్టుకునే పలక వెనక, పంపు గొట్టం చుట్టూ, ఏళ్ళ తరబడి రాలిన వెంట్రుకలన్నీ చేరి, నూనెలో నాని నల్లటి ముద్దలా గడ్డకట్టి ఉంటాయి. అది లేని సెలూన్ కుర్చీ లోకంలో లేదు. "అమ్మా, కాలిపలక కింద నుంచి ఒక ఫొటో తీసి పంపించండి" అన్నాడు. "కిందనా?" అంది ఆవిడ అనుమానంగా. "సరే, రేపు."

మర్నాడు ఫొటో వచ్చింది. బాబాయి కళ్ళజోడు పెట్టుకుని, గుమ్మంలో వెలుగులోకి వెళ్ళి చూశాడు. ఇనుము తళతళలాడుతోంది. ఒక్క వెంట్రుక లేదు.

"దొరికింది దొంగ!"

"కడిగి ఉంటుందేమోనండీ."

"కుర్చీ కింద కడుగుతారటే ఎవరైనా? పెళ్ళయినప్పట్నించీ నువ్వొక్కసారైనా మన కుర్చీ కింద కడిగావా?"

"నేను కడగలేదు కాబట్టి ఆవిడా కడగకూడదా?"

బాబాయికి అప్పటికే పూనకం వచ్చేసింది. ఆ ప్రకటన కింద 'ఇది మోసం' అని నొక్కే చోటుంటుందట, పిన్ని చేత చదివించుకుని వెతికి తానే నొక్కాడు. అంతటితో ఊరుకోలేదు. ఆ అమ్మే ఆవిడకి గొంతు రికార్డు చేసి పంపాడు. "అమ్మా, క్షవరం కుర్చీ అన్నది నువ్వు జన్మలో చూసిన పాపాన పోలేదు. పోయినేడు నా నోట్లో మన్ను కొట్టిన ముఠా మీదేనా? నీకో దణ్ణం, నీ కుర్చీకో దణ్ణం."

అలా పంపాక మనసు తేలిక పడాలి. పడలేదు. ఎదురు షాపు మూడో కుర్చీ కళ్ళ ముందు కదులుతూనే ఉంది.

సాయంత్రం ఫోన్ మోగింది.

"ఏమయ్యా పెద్దమనిషీ! ముఠానా? నేను ముఠానా?" గరిటె ఇప్పుడు బండరాయి మీద కాదు, సరాసరి బాబాయి వీపు మీదే గీస్తోంది. "ఇదివరకు కుట్టు మిషను అమ్మితే మురికి చూపించి సగం ధర కోశారు. అందుకని నాలుగు రోజులు నేల మీద కూర్చుని, దబ్బనంతో గుచ్చి గుచ్చి ఆ వెంట్రుకలు తీశాను. సోడా పోసి తోమాను. నడుం పడిపోయింది. దాని మీద నీకు కింద నుంచి ఫొటో కావాలి! కుర్చీ కొనేవాడు కింద ఫొటో అడగడమేంటి, ఇదేదో కొత్త రకం మోసం అనుకున్నాను. అయినా పోనీలే అని బోర్లా పడుకుని తీసి పంపిస్తే, నన్ను దొంగని చేసి నా ప్రకటనే తీయించేశావు. పక్కింటావిడ చూసి ఏంటి వదినా అని అడుగుతోంది, ఏం చెప్పమంటావు?"

బాబాయి నోరు తెరిచేలోపే అవతల ఎవరో "ఇలా ఇవ్వవే, ఇలా ఇయ్యి" అంటూ ఫోన్ లాక్కున్నారు. మగగొంతు, దగ్గుతో కలిసిన నవ్వు.

"అయ్యా, నేను ఈవిడ మొగుణ్ణి. ఆ కుర్చీ నాదే. మోకాళ్ళు సహకరించక కత్తి పక్కన పెట్టాను. మీ తప్పు లేదయ్యా. మొన్న గదిలోకొచ్చి చూస్తే నేనే గుర్తు పట్టలేదు. ఇదెవరి కుర్చీ అని అడిగాను."

బాబాయికి నవ్వొచ్చింది. ఎన్ని నెలలైందో నవ్వి.

"పంపు నిలుస్తుందా అన్నా?" అన్నాడు, తనకి తెలియకుండానే అన్నా అని.

"నిలుస్తుంది. పొద్దున్నే మొదటి మనిషికి మాత్రం ఒకసారి ఊరికే లేపి దించాలి. అప్పుడు దానికి నిద్ర వదులుతుంది. లేకపోతే సగంలో మొరాయిస్తుంది. నీదీ అంతేనా?"

"మా దానికి అసలు మెలకువే లేదన్నా."

ఆ మాట తీరు ఏ ముఠాకీ చేతకాదు. కుర్చీకి నిద్ర వదలడమన్నది ఎప్పుడూ నిలబడి పనిచేసే మనిషికి మాత్రమే తెలిసిన సంగతి. రేపే వచ్చి చూస్తానని చెప్పి బాబాయి ఫోన్ పెట్టేశాడు.

అయినా భయం పూర్తిగా పోలేదు. మర్నాడు చిన్న వ్యాను మాట్లాడుకుని, డబ్బంతా పిన్ని చేతిసంచీలో పాత గుడ్డల కింద పెట్టించి బయల్దేరాడు. సందు మలుపులో ఇద్దరు మనుషులు గోడకానుకుని ఉంటే, "ఆపు, ఆపు, వెనక్కి తిప్పు" అన్నాడు. వ్యాను డ్రైవరు తల బయటికి పెట్టి చూసి, "వాళ్ళు రంగులేసేవాళ్ళండీ, చేతిలో బ్రష్షులు కనబడ్డంలే?" అన్నాడు.

ముందుగదిలో, దుప్పటి కింద ఉంది కుర్చీ. ఆవిడ దుప్పటి లాగేసి, చేతులు కట్టుకుని పక్కన నిలబడింది. పెద్దాయన మంచం మీద నుంచే చూస్తున్నాడు. తోలు అక్కడక్కడ పగిలింది. ఇనుము మాత్రం అద్దంలా ఉంది. బాబాయి పంపు పెడలు తొక్కాడు. లేచింది. డ్రైవరు మంచి బరువైన మనిషి. అతన్ని ఎక్కి కూర్చోమన్నాడు. కుర్చీ దిగుతుందేమోనని నలుగురూ డ్రైవరు మోకాళ్ళ వంకే చూస్తూ ఉండిపోయారు. డ్రైవరు మొదట సిగ్గుపడ్డాడు, తర్వాత దిక్కులు చూశాడు, తర్వాత మెల్లగా కళ్ళు మూసుకున్నాడు. కుర్చీ చెక్కుచెదరలేదు.

"పడుకున్నాడు!" అంది పిన్ని.

"ఆ కుర్చీ అంతే," అన్నాడు పెద్దాయన. "కూర్చున్నవాడు లేవడు. లేపి డబ్బులడగాలి."

బాబాయి ఒక చేత్తో కుర్చీ వీపు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఎదురు షాపు మెట్లు ఎక్కనక్కర్లేదు. పోస్టు మాస్టారిని పిలిచి కూర్చోబెట్టొచ్చు. కళ్ళు తుడుచుకోవాలనిపించి, ముక్కు తుడుచుకున్నాడు.

తర్వాత అలవాటు చొప్పున బేరానికి గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, తోలు కాస్త పగిలింది కదా, మరి..."

"పదివేల అయిదొందలు," అంది ఆవిడ.

"తొమ్మిదన్నారుగా!"

"మీరు ముఠా అనకముందు తొమ్మిది."

బాబాయి పెద్దాయన వంక చూశాడు. ఆయన దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. "నన్ను చూడకు తమ్ముడూ. ఆవిడ దగ్గర నాకే తగ్గింపు లేదు."

పిన్ని అప్పటికే సంచీలో చెయ్యి పెట్టింది. బాబాయి ఆవిణ్ణి ఆపలేదు. రెండు చేతులూ జోడించి, "తప్పయిపోయిందమ్మా" అన్నాడు. ఆవిడ నోట్లు సరిచూసుకుని, కొంగున ముడేసుకుని, గరిటె గొంతుని కాస్త కిందికి దించి అంది: "కింద తుడుస్తూ ఉండండి. మళ్ళీ గడ్డకట్టనివ్వకండి."

వ్యానులో కుర్చీ కదలకుండా ఎవరో ఒకరు పట్టుకోవాలి. పిన్ని డ్రైవరు పక్కన ముందు కూర్చుంది. బాబాయి వెనక, ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. వీధుల వెంట ఊరేగింపులా వెళ్తుంటే నడిచేవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఒకాయన చెయ్యెత్తి, "గడ్డం ఎంతయ్యా?" అని కేక పెడితే, "రేపు రండి, మీకు ఊరికే!" అని తిరుగు కేక పెట్టాడు.

తమ వీధి మలుపు తిరిగేసరికి అద్దాలాయన తువ్వాలు దులుపుతూ గుమ్మంలోకొచ్చాడు. నోరు తెరుచుకుని చూశాడు. బాబాయి కుర్చీ చేతి మీద చెయ్యి వేసుకుని, రాజులా తల ఊపాడు.

ముందు కిటికీలోంచి పిన్ని తల బయటికి పెట్టింది. "ఏవండోయ్ మహారాజా! నోరు కాస్త అదుపులో పెట్టుకుని ఉంటే ఎంత మిగిలేది?"

కుర్చీ గతుకుల్లో ఎగిరిపడుతోంది కానీ కిందికి మాత్రం దిగడం లేదు. బాబాయి హాయిగా వెనక్కి వాలి చెప్పాడు.

"పదిహేను వందలే."