జూలా మీద నాట్ల పాట

గండిపేట చెరువు మీదుగా ఎర్రటి దుమ్ము లేచి వస్తోందని కరుణయ్య చూసిన నిమిషానికే మోటార్లు రెండూ ఆగిపోయాయి. జూలా ఒక్క కుదుపు కుదిపి, పంతొమ్మిదో అంతస్తు అద్దాల ముందు నిలబడిపోయింది.

జూలా అంటే ఆరు బారల పొడవు ఇనుప బల్ల. చుట్టూ నడుమెత్తు కమ్మీలు, ఈ కొసకో మోటారు, ఆ కొసకో మోటారు, పైకప్పు మీది నుంచి దిగిన ఉక్కు తాళ్లు. కోకాపేటలో అద్దాల మేడలు కడిగేది దీని మీద నిలబడే. ఈ కొసన కరుణయ్య, ఆ కొసన అతని అల్లుడు రాకేశ్, నడుమ సబ్బునీళ్ల బకెట్లు రెండు. మూడు నెలలుగా ఆ మామా అల్లుళ్ల మధ్య పని మాట తప్ప మరో మాట లేదు.

కమ్మీకి తగిలించిన వాకీటాకీ గరగరమంది. కింద నుంచి సూపర్‌వైజరు ఉదయ్ భాస్కర్. భీమవరం వైపు మనిషి, ఎంత ముంచుకొచ్చినా మర్యాద తప్పడు.

"కరుణయ్యగారూ, పైన ప్యానెల్ కాలిపోయిందండి. కరెంటు రాదు. చేత్తోనే దింపుకోవాలండి. గాలి పది నిమిషాల్లో మీ మీదికొస్తుంది."

తాళ్లతో దింపే వాళ్లను పిలిచాడట, కాని వాళ్లు మియాపూర్ దాటేసరికే ముప్పావు గంట అవుతుందట. అంతసేపు ఆ దుమ్ము ఆగదని కరుణయ్యకు తెలుసు.

చేత్తో దించడం వాళ్లకు నేర్పిందే. మోటారు పక్కన బ్రేకు పిడి ఉంటుంది. పైకెత్తి పట్టుకుంటే ఆ కొస జారుతుంది, వదిలితే ఆగుతుంది. రెండు కొసల వాళ్లూ ఒక్కసారే ఎత్తాలి, ఒక్కసారే వదలాలి. ఒక కొస మూరెడు ఎక్కువ దిగిందా, బల్ల పడిపోకుండా విడిగా కట్టిన కాపు తాడు మీది తాళం టక్కున పట్టేస్తుంది. పట్టిందంటే ఇక కిందికీ పోదు, మీదికీ పోదు. గాలి వచ్చినప్పుడు ఒరిగిన బల్ల మీద వేలాడుతూ, అంత ఎత్తున అద్దానికి కొట్టుకుంటూ ఉండాలి. నడుముకు బెల్టులు ఉన్నాయి నిజమే. బెల్టు మనిషిని కింద పడనివ్వదు గాని, గోడకు కొట్టుకోకుండా ఆపదు. రెండేళ్ల కిందట ఇంకో మేడకు అట్లా చిక్కిన ఇద్దరిలో ఒక్కడే నడిచి ఇంటికి పోయాడు.

ముందు నేర్పినట్టే లెక్క పెట్టారు. ఒకటి అంటే ఎత్తాలి, రెండు అంటే వదలాలి. మొదటి నాలుగు సార్లు బాగానే దిగింది. ఆ తర్వాత గాలి కొసలు తగలడం మొదలై, రాకేశ్ అరిచిన అంకె కరుణయ్యకు సగమే చేరింది. చేరినా తేడా వస్తూనే ఉంది. ఒకటికీ రెండుకూ మధ్య ఎంతసేపు పట్టుకోవాలో అంకె చెప్పదు. భయపడ్డవాడికి అది పొట్టి, ఓపిక ఉన్నవాడికి పొడుగు. బకెట్లో నీళ్లు రాకేశ్ వైపు ఒరిగాయి. ఆ కొస నాలుగు వేళ్లు కిందికి పోయింది. తర్వాత జానెడు.

"ఆపు," అన్నాడు కరుణయ్య.

తన కొసను ఒక్కడే మెల్లగా దింపి నీళ్లు సమంగా నిలిచేదాకా చూశాడు. ఇంకా పదిహేడో అంతస్తులోనే ఉన్నారు. దుమ్ము నార్సింగి మేడలను ఒక్కొక్కటిగా మింగుతోంది.

ఆ నీళ్లను చూస్తూనే అతనికి వరినాట్లు గుర్తొచ్చాయి.

మెదక్ దగ్గరి వాళ్ల ఊళ్లో, చర్చి గుడిలో పాడే కీర్తనల్లో ఒకదానికి నాట్ల పాట అని పేరు. పుస్తకంలో దానికి నంబరే తప్ప ఆ పేరు లేదు. విత్తినవాడి ఓపిక తనకూ ఇమ్మని దేవుణ్ణి అడిగే పాట. ఆదివారం గుడిలో హార్మోనియంతో పాడేది, సోమవారం మడిలోకి దిగేది. పన్నెండు మంది ఆడవాళ్లు వరుసగా వంగి, పాట ఒక్క మలుపు తిరిగితే ఒక్క అడుగు వెనక్కి వేసేవాళ్లు. పల్లవి మధ్యలో ఒకచోట గొంతు సాగి, ఆగి, ఊపిరి తీసుకునేది. ఆ ఆగేచోట అందరి చేతులూ ఒక్కసారే బురదలో దిగేవి. ఒక్కతె తొందరపడినా వరుస వంకర పోయేది. వరుస వంకర పోకుండా పాట ఎత్తుకునేది భాగ్యమ్మ. గట్టు మీద నిలబడి నారు కట్టలు విసిరేది కరుణయ్య. అతను పెదవి కదిపేవాడు కాదు. పాట ఆగేచోటు మాత్రం అతని చేతికి తెలుసు. కట్ట సరిగ్గా అప్పుడే ఆమె వెనక పడేది. పెళ్లయ్యాక కూడా, నాకంటే నా పాటే నీకు ఎక్కువ అర్థమైంది అని ఆమె ఎకసెక్కం ఆడేది.

మూడు నెలల కిందట ఆమెను మట్టిలో పెట్టిన రోజు రాకేశ్ తన కొత్త ప్రార్థనా మందిరం వాళ్లను తెచ్చాడు. కీబోర్డు, పెద్ద స్పీకరు, చప్పట్లు. నాట్ల పాటే పాడారు. అత్తకు ఇష్టమని ప్రేమతోనే పాడించాడు. కాని సాగాల్సిన చోట సాగలేదు, ఆగాల్సిన చోట ఆగలేదు. పెళ్లి ఊరేగింపులా పరుగెత్తి సగం సమయంలో అయిపోయింది. కరుణయ్య కండువా దులుపుకుని సమాధుల అవతలి కొసకు నడిచాడు. కూతురు సుష్మ ఎంత బతిమాలినా ఎందుకో చెప్పలేదు. ఆ రోజు నుంచే మాట లేదు.

ఇప్పుడు మాట్లాడాల్సి వచ్చింది.

"అత్త పాట. దాని మీద దింపుదాం. పల్లవి ఎత్తుకోంగనే లేపు, ఆగే కాడ ఇడిచిపెట్టు."

రాకేశ్ ఒక్క క్షణం మామ మొహం చూశాడు. తల ఊపి పాడటం మొదలుపెట్టాడు. పెట్టింది మందిరం వరస. భయంలో అది ఇంకా పరుగెత్తింది. ఆగేచోట ఆగకుండా పిడి పట్టుకునే రెండో మలుపులోకి పోయాడు. అతని కొస దభాలున జారింది. ఒక బకెట్ కమ్మీ కింద నుంచి దొర్లి గాలిలోకి పోయింది. అది నేల చేరిన చప్పుడు వినపడనే లేదు. కాపు తాడు మీద తాళం పళ్లు కిర్రుమన్నాయి. పట్టలేదు. ఇంకో రెండు వేళ్లు దిగి ఉంటే పట్టేదే.

రాకేశ్ పిడి వదిలేసి కమ్మీని కరుచుకున్నాడు. కరుణయ్య నోట్లోకి మూడు నెలల కోపమంతా వచ్చింది. మింగి, మిగిలిన బకెట్లో నీళ్లు సమమయ్యేదాకా తన కొసను దింపుకున్నాడు.

"నీ బిడ్డను ఉయ్యాలల ఏసి అత్త ఎట్ల పాడేది?"

"గట్ల నాకు రాదు మామా. మా దగ్గర గట్ల పాడరు."

"రాకుంటె రాకపాయె. ఇన్నవు గద. పక్క రూములనే పండుకున్నవు గద రెండేండ్లు."

"ఇన్న." రాకేశ్ ముంజేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "నిద్ర పట్టేది కాదు మామా, గా పాటకు. ఆమె ఆగేటప్పుడు ఉయ్యాల గూడ ఆగేది. చిన్నది ఏడుస్తదేమో అని నాకు పరేషాన్. మళ్ల ఎత్తుకునేది."

"గదే. ఉయ్యాల ఆగినప్పుడు ఇడువు. నా మొకం చూడు."

కరుణయ్య పాడాడు. పుట్టి బుద్ధెరిగాక బయటికి పాడటం అదే మొదలు. గొంతు బొంగురుగా, ఒక పక్కకు పోతూ లేచింది. సాగేచోట మాత్రం భాగ్యమ్మ సాగినంతే సాగింది. ఆగేచోట ఆగింది. రెండు పిడులూ ఒక్కసారే పడ్డాయి.

నీళ్లు కదల్లేదు.

మళ్లీ ఎత్తుకున్నాడు. రాకేశ్ పెదవులు కదుపుతూ మామ నోటిని చూస్తూ పట్టుకున్నాడు. పల్లవి ఒక్కసారి తిరిగితే మనిషి ఎత్తు దిగుతోంది. పదహారు. పదిహేను. పన్నెండో అంతస్తు అద్దం వెనక ఎవరో అమ్మాయి ఫోను పట్టుకుని చూస్తూ, వీళ్ల నోళ్లు కదలడం చూసి ఫోను దించేసింది. తొమ్మిదో అంతస్తు దగ్గర దుమ్ము వచ్చి మీద పడింది.

ముందు కళ్లు పోయాయి. తర్వాత చెవులు. రాకేశ్ కాదు గదా, బల్ల మధ్యలో బకెట్ కూడా కనపడలేదు. జూలా గోడకు ఒకసారి తగిలి వెనక్కి వచ్చింది. ఆగిపోదామా అనుకున్నాడు కరుణయ్య. ఆగితే గాలి ఇంకా పెరుగుతుంది. దిగితే అవతల అల్లుడు ఏ వరస పాడుతున్నాడో తెలియదు. భయపడితే మళ్లీ పరుగెత్తుతాడు. అడిగే దారి లేదు. అతను ఆగుతాడని నమ్మి ఎత్తడమే ఉంది.

ఎత్తాడు. నోట్లో ఇసుక పడుతుంటే పాడాడు. సాగదీశాడు. ఆపాడు.

అరికాళ్ల కింద బల్ల సమంగా ఉంది.

రెండోసారి కూడా. మూడోసారి కొంచెం ఒరిగినట్టు అనిపించింది. అది గాలి. ఆ తర్వాత లెక్క మరిచిపోయాడు. పల్లవి చాలక చరణాల్లోకి పోయాడు. ఎప్పుడో గట్టు మీద నిలబడి విన్న మాటలన్నీ వరుస తప్పకుండా వచ్చాయి. అవతల కనపడని మనిషి ప్రతి ఆగేచోటా తనతో పాటే ఆగాడు. రెండో చరణం నడుమ కాళ్ల కింద గట్టిగా తగిలింది. నేల కాదు, నాలుగో అంతస్తు డాబా. ఎవరెవరో చేతులు చాచి కమ్మీలు పట్టుకున్నారు. ఉదయ్ భాస్కర్ కరుణయ్య బెల్టు విప్పుతూ, చాలండీ, దిగిపోయారండీ, అని అదే మాట పదిసార్లు అన్నాడు.

రాకేశ్ మాత్రం పిడి వదల్లేదు. కళ్లు గట్టిగా మూసుకుని, దుమ్ము కొట్టుకుపోయిన మొహంతో, గొంతు లేకుండా పాడుతూనే ఉన్నాడు. సాగేచోట సాగుతున్నాడు. ఆగేచోట పిడి వదులుతున్నాడు. కరుణయ్య వెళ్లి అతని వేళ్లు ఒక్కొక్కటీ విప్పాడు.

"దిగినం రాకేశా."

రాకేశ్ కళ్లు తెరిచాడు. ఎక్కడున్నాడో తెలియడానికి కాస్త సమయం పట్టింది. ఇద్దరూ డాబా గోడకు వీపు ఆనించి కూర్చున్నారు. వాన మొదలైంది, పెద్ద పెద్ద చినుకులు, మొహాల మీది మట్టిని చారలు చారలుగా కడుగుతూ. ఎవరో నీళ్ల సీసా ఇచ్చారు. కరుణయ్య సగం తాగి, సగం అల్లుడికి ఇచ్చాడు.

"ఆ దినం మట్టి కాడ," అన్నాడు రాకేశ్, సీసా వంక చూస్తూ, "మేం ఆగలే గద మామా. గందుకేనా?"

కరుణయ్య అరచేత్తో మొహం తుడుచుకున్నాడు.

"పాట రెండో చరణం సగంలనే ఆగింది," అన్నాడు. "ఇంటికి పోయినంక చిన్నదాన్ని ఉయ్యాలల ఎయ్యి. నేనొస్త."