జానకి మీద పెట్టిన ఒట్టు

జానకిని చంపింది ఆమె తమ్ముడు నవీన్. ఇందులో వాదించేదేమీ లేదు. డాక్టర్లు కిడ్నీలు అన్నారు, ఊళ్లోవాళ్లు తలరాత అన్నారు, పక్కింటి సారక్క ఇంకేదో అంది. ఎవరేమన్నా ఆమె మొగుడు రాజలింగం లెక్క మారలేదు. నవీన్ వరికోత మిషను కొనకపోతే అప్పు లేదు. అప్పు లేకపోతే ఒట్టు లేదు. ఒట్టు లేకపోతే జానకి ఈపాటికి ఇంట్లో ఉండి అతణ్ని సాధిస్తూ ఉండేది.

రాజలింగానిది తొర్రూరు దగ్గర పల్లె. బావి కింద రెండెకరాల మిరప, ఒక బర్రె, రెండు గదుల రేకుల ఇల్లు, గురుకులంలో చదివే కూతురు వర్షిణి. బాకీ అంటే ఎరువుల దుకాణంలో పంట దాకా ఉండేదే. అది పంటతో పాటే తీరేది. అటువంటి ఇంటికి నవీన్ జనగామ నుంచి మిఠాయి డబ్బా పట్టుకొని వచ్చాడు. ఫైనాన్సులో మిషను తీసుకుంటున్నాడట. జామీను సంతకం ఒక్కటే తక్కువట.

రాజలింగం వద్దన్నాడు. నవీన్ బయటికి పోగానే జానకి అందుకుంది.

"నా తమ్ముడు బాగుపడితే నీకు కడుపునొప్పా?"

"కడుపునొప్పి కాదే, భయం. వానికి సైకిల్ కొనిస్తేనే నెల తిరుగకముందు అమ్ముకున్నడు. మిషన్ నిలుపుతడా?"

"అప్పుడు పోరగాడు. ఇప్పుడు మీసాలొచ్చినయ్."

"మీసాలు పిల్లికి కూడ ఉంటయ్."

ఆ మాటకు జానకి పప్పులో ఉప్పు వేయడం మానేసింది. అడిగితే, తమ్ముడు లేనిదాన్ని, నాకు రుచేం తెలుస్తదని అంది. ఉప్పు లేని కూడు ఎన్నాళ్లు తింటాడు? జనగామ పోయి సంతకం పెట్టి వచ్చాడు.

నవీన్ ఒక్క పంటకాలం మిషను నడిపాడు, మొగుళ్లపల్లి దిక్కు. వచ్చింది వచ్చినట్టు తిన్నాడు, తాగాడు, దోస్తులకు పెట్టాడు. కిస్తులు కట్టలేదు. ఫైనాన్సు వాళ్లు మిషను గుంజుకుపోయి వేలం వేశారు. వచ్చిన పైసలు వడ్డీకే చాలలేదు. నవీన్ ఫోను ఆపేసి భీవండి పారిపోయాడు. మిగిలిన అప్పు సంతకం పెట్టినవాడి మెడకు చుట్టుకుంది.

ఫైనాన్సు మనుషులు ఊరంతా చూస్తుండగా వాకిట్లో మంచం వేసుకొని కూర్చున్నారు. రాజలింగం తండ్రి పేరెత్తి మాట్లాడారు. పొలం పాసుబుక్కు అడిగారు. నెల నెలా కిస్తు కడతానని అతను చేతులు జోడించాక లేచిపోయారు. ఆ చేతులు అతను అంతకుముందు దేవుడికి తప్ప ఎవరికీ జోడించలేదు.

వాళ్లు పోగానే రాజలింగం దేవుని గూట్లోంచి కొమురవెల్లి మల్లన్న బండారి తీశాడు. ఆ పసుపు జానకి నుదుట రుద్ది, తల మీద చెయ్యి పెట్టాడు.

"నీ తల మీద ఒట్టు. ఈ అప్పు తీరేదాక నీతోటి ఒక్క మాట మాట్లాడ. మాట్లాడితే మల్లన్న నిన్ను తీసుకపోవాలె."

కోపంలో ఉన్న మగవాడు తన తల మీద ఒట్టు పెట్టుకోడు. జానకి పసుపు తుడుచుకోలేదు.

"మంచిది," అంది. "నా చెవులు కూడ సల్లబడతయ్."

ఆ దిక్కు బండారి చేతిలో పట్టి చేసిన ఒట్టుకు తిరుగు లేదు. తప్పినవాళ్ల ఇళ్లలో ఏమేం జరిగిందో ఊరు ఊరంతా చెబుతుంది. అందుకని రాజలింగం నోరు కట్టుకున్నాడు. జానకి మీద ఒట్టు లేదు, ఆమె మాట్లాడవచ్చు. కానీ మాట్లాడనివాడితో మాట్లాడడానికి ఆమెకు మాత్రం రోషం లేదా? ఇద్దరికీ బర్రె దొరికింది.

"ఓ బర్రె, మీ అయ్యకు చెప్పు, బియ్యం ఒడిసినయని."

"బర్రె, ఆమెకు చెప్పు, కంట్రోల్ బియ్యం రేపు పోస్తరని."

"నిన్న కూడ రేపే అన్నడని చెప్పు. నువ్వు గడ్డి తింటవ్, నీకు పర్వలేదు. నేనేం తినాలె?"

"నువ్వు తినేది మీ తమ్ముడు తిన్నడని చెప్పు బర్రె."

బర్రె నెమరు వేస్తూ ఇద్దరినీ చూసేది. ఒకనాడు జానకి దాని మూతి దగ్గర చెవి పెట్టి, "ఆఁ? ఏమంటున్నవ్? మా ఆయన కంటే నువ్వే నయమా? పాలన్న ఇస్తనంటున్నవా?" అంది. రాజలింగం తువ్వాల నోట్లో కుక్కుకున్నా నవ్వు ఆగలేదు. నవ్వకూడదని ఒట్టులో లేదు. ఆ రోజు వాళ్లు పోపు పెట్టిన పచ్చిపులుసు ఒకే గిన్నెలో కలుపుకొని తిన్నారు. అప్పుల్లో మునిగినవాళ్లు అట్లా కూడా ఉంటారు. చూసేవాళ్లకు తెలియదు.

మరుసటి ఏడు మిరప పూతకు నల్లతామర పురుగు పడింది. మందులు కొట్టినకొద్దీ పూత రాలింది. కిస్తు మాత్రం రాలలేదు. రాజలింగం బర్రెను అమ్మాడు. దళారి తాడు పట్టుకొని నడిపించుకుపోతుంటే జానకి దర్వాజ దగ్గర నిలబడి, "పో బర్రె పో. మా సంసారం మోసి మోసి నువ్వన్న బయటపడ్డవ్," అంది. రాజలింగం ఆ మాట విననట్టు దళారికి దారి చూపించాడు.

బర్రె పోయాక పక్కింటి సారక్క ఆ పనిలోకి వచ్చింది. ఆమె బర్రె కాదు కనుక ఊరుకోలేదు.

"నేనేమన్న మీ ఇద్దరి సెల్‌ఫోన్నా? బ్యాలెన్సు మీరేమన్న ఏస్తున్నరా?" అనేది. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టు తమ్మీ. పెండ్లాం తోటి మాట్లాడితే మల్లన్నకేం కోపం?"

"మల్లన్నతోటి ఆటలొద్దక్కా. ఒట్టు నా మీద కాదు, ఆమె మీదుంది."

జానకి పొయ్యి దగ్గర నుంచే అంది. "సారక్కా, అడుగు ఆయన్ని. కొమురవెల్లి పోయి పట్నం ఏసుకుంటే ఒట్టు దిగుతదట. ఒగ్గు పూజారి చెప్పిండు. పోదామా?"

పట్నం అంటే మల్లన్న ముందు రంగుల పిండితో ముగ్గేయించి చేసుకునే పూజ. పూజారికి, డోలుకు, మేకకు, చుట్టాల భోజనాలకు ఖర్చు ఉంటుంది. రాజలింగం ఆలోచించకపోలేదు. ఆ ఖర్చు దాదాపు ఒక కిస్తు.

"గా పైసలు కిస్తుకు కడితే అప్పే తగ్గుతది. అప్పు తీరంగనే ఒట్టు దానంతల అదే దిగుతది. అంత తొందరేందని అడుగు."

"తొందరేం లేదని చెప్పు," అంది జానకి. పొయ్యిలో కట్టె ఎగదోసి, "అప్పు తీరిన్నాడు ముందుగాల ఏం మాట్లాడుతడో అడుగు," అంది.

"తిడుత. ఇన్నేండ్ల తిట్లు దాచిపెట్టిన."

"తిట్లయినా మంచిదే, నోరు తెరవమను."

ఆ తర్వాత పట్నం మాట ఆమె ఎత్తలేదు. పని పెంచింది. అప్పు ఎంత తొందరగా తీరితే అంత తొందరగా ఇంట్లో మాట వినబడుతుందని అనుకుందేమో. పొద్దున తమ చేనులో, పగలు ఊళ్లోవాళ్ల చేన్లలో మిరప ఏరేది. సీజనులో కూలి జట్టుతో ఆటో ఎక్కి మొగుళ్లపల్లి దాకా పోయి, అక్కడే గుడిసెలు వేసుకొని ఉండి ఏరి వచ్చేది. రాజలింగం సేద్యం చేస్తూనే తొర్రూరు మార్కెట్లో బస్తాలు మోశాడు. ఇద్దరికీ ఒళ్లు హూనమయ్యేది. ఊళ్లో సూదులు వేసే ఆయన దగ్గర నొప్పి గోలీలు దొరికేవి. ఒకటి వేసుకుంటే ఆ రోజుకు నడుము నిలబడేది. రాజలింగం పండక్కో పబ్బానికో వేసుకున్నాడు. జానకి అన్నం తిన్నట్టు తిన్నది. ఆ సంగతి అతనికి తర్వాత తెలిసింది.

ఆమె కాళ్లు ఉబ్బడం మాత్రం అతను చూశాడు. చెప్పు పట్టడం లేదు. ముఖం కూడా పొద్దున్నే నిండుగా కనిపిస్తోంది.

"సారక్కా, ఆమె కాళ్లెందుకట్ల ఉబ్బినయో అడుగు. దవాఖానకు పోదామా అడుగు."

"నడిచి నడిచి ఉబ్బినయని చెప్పు. దవాఖానకు పోతే కిస్తు తప్పుతదని చెప్పు. తిట్లు తినేటందుకు నేనింకా ఉండాలె గదా, నాకేం కాదని చెప్పు."

సారక్క అన్నీ చెప్పింది, నవ్వుతూ చెప్పింది. ఇంకొకరి నోట్లోంచి వచ్చిన మాటలో భయం ఉందో లేదో ఎవరికి తెలుస్తుంది? రాజలింగం తువ్వాల భుజాన వేసుకొని మార్కెట్టుకు పోయాడు.

ఇంకా రెండు కిస్తులు ఉన్నాయనగా జానకి మిరప చేనులో సోయి తప్పి పడిపోయింది. తొర్రూరులో చూసి వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మన్నారు. అక్కడ డాక్టరు గోలీల సంగతి అడిగాడు. రెండు కిడ్నీలూ పోయాయని, రక్తం శుద్ధి చేస్తున్నా ఒళ్లు తట్టుకోవడం లేదని చెప్పాడు.

మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి మంచం మీద పడుతోంది. రాజలింగం ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. జానకి కళ్లు తెరిచింది. ఎవరినీ పిలవలేదు, ఎవరికీ చెప్పమనలేదు. నేరుగా అతణ్నే చూసింది.

"ఏమయ్యా," అంది.

రాజలింగం తల ఎత్తాడు.

"ఇగ చాలు. మాట్లాడు."

అతను ఆమె కాలు పట్టుకున్నాడు. నోరు తెరిచాడు. మాట గొంతు దాకా వచ్చింది. మాట్లాడితే మల్లన్న నిన్ను తీసుకపోవాలె అన్నది తన నోరే. ఆమె అసలే పోయే గండంలో ఉంది. ఇప్పుడు మాట్లాడితే ఆ పోవడానికి తనే తలుపు తీసినట్టు. రెండు కిస్తులు. ఈ రెండూ తీరేదాకా ఆమెను నిలబెడితే చాలు.

"ఒట్టు నా తల మీదిదే గదా," అంది జానకి. "తల నాది. నేనే ఎత్తేస్తున్న. మాట్లాడు."

పక్క మంచం మీద ఒక ముసలవ్వ పండు ఒలుచుకుంటూ చూస్తోంది. రాజలింగం ఆమె వైపు తిరిగాడు.

"అవ్వా, ఆమెకు జర చెప్పు. ఏం కాదని చెప్పు. అప్పు తీరంగనే మాట్లాడుతనని చెప్పు."

ముసలవ్వకు ఏమీ అర్థం కాలేదు. "ఇన్నవా బిడ్డా, ఏం కాదంటున్నడు మీ ఆయన," అంది.

జానకి ముఖం ముసలవ్వ వైపు తిప్పుకుంది.

"ఆయనకు చెప్పవ్వా. ఇగ నేను కూడ మాట్లాడనని."

మరునాడు పోయింది. ఈలోపు నిజంగానే అతనితో మాట్లాడలేదు. మంచినీళ్లు కావాలని కూడా ముసలవ్వనే అడిగింది.

అస్థికలు కలపడానికి కాళేశ్వరం పోయారు. గోదావరి ఒడ్డున పిండాలు పెట్టి రాజలింగం మెట్ల మీద కూర్చుంటే నవీన్ వచ్చాడు. ఎవరు చెప్పారో తెలియదు. మనిషి పీలగా అయ్యాడు. అక్క పేరెత్తి కాసేపు ఏడ్చాడు. ఏడుపయ్యాక జేబులోంచి కవరు తీశాడు.

"బావా, రెండు కిస్తులున్నయట గదా. తెచ్చిన. నేను కడుత."

"తియ్యి లోపల."

"బావా..."

"ఆమె ఉన్ననాడు యాడున్నయిరా ఇవి? నీ పైసతోటి ఈ అప్పు తీరొద్దు. నేనే కడుత. నువ్వు పో."

నవీన్ కవరు జేబులో పెట్టుకున్నాడు. నాలుగు మెట్లు ఎక్కి వెనక్కి తిరిగాడు. ముఖం ఎర్రబడింది.

"నేను పైసలు ఎగ్గొట్టిన బావా. ఒప్పుకుంటున్న. గని మా అక్కతోటి ఇన్నేండ్లు మాట్లాడంది నేను కాదు."

పక్కనే తల్లి చీర మడత పెడుతున్న వర్షిణి ఆగింది. రాజలింగం రాయి కోసం చెయ్యి చాచాడు. ఆ మెట్ల మీద రాళ్లు లేవు. నవీన్ వెళ్లిపోయాడు.

అప్పు చేసినవాడు నీతులు చెప్పి పోయాడు. అట్లాంటివాళ్లకు అన్నం ఎట్లా అరుగుతుందో రాజలింగానికి ఇప్పటికీ తెలియదు.

తిరిగి వచ్చే బస్సులో వర్షిణి కిటికీ పక్కన కూర్చుంది. భూపాలపల్లి దాటాక మెల్లగా అడిగింది.

"బాపు, అమ్మ ఆఖరుకు నీతోటి ఏమన్నది?"

"ఏమనలే."

"ఒక్క మాట కూడ అనలేదా?"

రాజలింగం ముందు సీటు కడ్డీ పట్టుకున్నాడు.

"నువ్వన్న మాట్లాడినవా మరి? నేనెవలకూ చెప్ప బాపు. నాకొక్కదానికి చెప్పు."

"బిడ్డా, రెండు కిస్తులున్నయ్. కడుత. నువ్వు సదువుకో. గా దవాఖాన ముచ్చట, గా ఒట్టు ముచ్చట ఇగ నా దగ్గర తియ్యకు. ఇయ్యాల అడిగినవ్, అయిపోయింది. నేను సచ్చేదాక నీకు చెప్ప, ఇంకెవలకూ చెప్ప."