మోకాలెత్తు కొండ

కొత్త సైకిల్ వచ్చిన రోజు భోజనాల బల్ల దగ్గర మా ఆవిడకి నేను చక్రాల శాస్త్రం చెప్పాను. పెద్ద కంచం ఒకటి, పిల్లల కంచం ఒకటి తీసుకుని, బల్ల మీద అడ్డంగా పెట్టిన చెంచా మీదుగా దొర్లించాను. పెద్ద కంచం చెంచాని దాటి వెళ్ళింది. చిన్న కంచం చెంచాకి తగిలి బోర్లా పడింది.

"చూశావా? పోయిన ఏడాది నేను పడింది ఇందుకే. తప్పు నాది కాదు, చక్రానిది. ఇప్పుడు ఇరవై తొమ్మిది అంగుళాల చక్రాలు వచ్చాయి. పైగా ముందు చక్రాన్ని పట్టే ఫోర్కులో ఒక షాకు అబ్జార్బరు, సీటు కింద ఇంకో షాకు. రాయి తగిలితే దెబ్బ అవే తినేస్తాయి, మన దాకా రానివ్వవు" అన్నాను.

ఆవిడ రెండు కంచాలూ తీసుకుని లేస్తూ, "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది" అంది. అంతే. కొనొద్దని మాత్రం అనలేదు. ఫ్యాను కొనాలన్నా నాలుగు దుకాణాలు తిప్పే మనిషి, సైకిల్‌కి మాత్రం అడిగీ అడగ్గానే సరేనంది. నా వాదనలో అంత పస ఉందన్నమాట అని మురిసిపోయాను.

నేను పళ్ళ డాక్టర్ని. కింద క్లినిక్కు, పైన ఇల్లు. పోయిన ఏడాది ఊరి బయట అడవి దారిలో ఒక రాతి మెట్టు మీంచి సైకిల్ దింపబోయి, మొహం కింద, కాళ్ళు పైన అయ్యాను. భుజం దగ్గర ఎముక విరిగింది. ఎముకయితే తొందరగానే అతుక్కుంది. ధైర్యం సంగతే ఎటూ తేలలేదు. పన్ను కాస్త మొండిగా కనిపించిందంటే చాలు, చెయ్యి తప్పుతుందేమోనని పట్టకారు పక్కన పెట్టేస్తాను. వెంటనే, "మీది కొంచెం చిక్కు కేసండీ, ఎదురు క్లినిక్కులో కొత్త మెషిన్ వచ్చింది, అక్కడయితే మంచిది" అని పంపించేస్తాను. మెషిన్ లేదు, పాడూ లేదు. కౌంటర్‌లో కూర్చునే మా ఆవిడకి ఆ సంగతి తెలుసు. ఏడాదిగా ఒక్క మాట అనలేదు.

అలా పంపిస్తే పోనని మొండికేసింది ఒక్కరే, మా వీధి చివర బట్టలు కుట్టే పెద్దావిడ. జ్ఞానదంతం అడ్డంగా మొలిచి దవడ వాచిపోయింది. "మా ఆయన పన్ను నువ్వే తీశావు. నాదీ నువ్వే తియ్యి. లేదంటే దవడకి గుడ్డ కట్టుకుని ఇంట్లో కూర్చుంటాను గానీ ఇంకో గడప తొక్కను" అంది. వాపు తగ్గడానికి మందులిచ్చి, ఎప్పుడు రావాలో సోమవారం లోపల చెబుతామన్నాం.

అందుకని నాలో నేనే ఒక పందెం వేసుకున్నాను. ఆదివారం ఆ రాతి మెట్టు సైకిల్ మీద దిగితే, సోమవారం ఆ పన్ను నేనే తీస్తాను. దిగలేకపోతే కాళ్ళావేళ్ళా పడైనా పెద్దావిడని ఎదురు క్లినిక్కుకి ఒప్పిస్తాను. ఆ తర్వాత జీవితాంతం పళ్ళు తోమించుకునే వాళ్ళని చూసుకుంటూ బతికేస్తాను. ఈ పందెం గురించి ఎవరికీ చెప్పలేదు. ఓడిపోతే కనీసం నవ్వేవాళ్ళు ఉండరు కదా.

ఆదివారం పొద్దున బయల్దేరాం. తోడు మా బావమరిది. లెక్కల మాస్టారు, ఆరడుగుల మనిషి, ఇంట్లో పేరు చిన్నోడు. నా పాత సైకిల్ వాడికే ఇచ్చాను. మా ఆవిడ కూడా వస్తానంది. ఆ రాయి పక్కదాకా మట్టిరోడ్డు ఉంది, కారు వెళ్తుంది.

"నువ్వెందుకు, ఎండలో?" అన్నాను.

"పోయినసారి మిమ్మల్ని ముక్కూ మొహం తెలియనివాళ్ళు మోసుకొచ్చారు. ఈసారి పడితే నా కళ్ళ ముందే పడండి" అని కారు తాళాలు తీసుకుంది.

ఇక సైకిల్ సంగతి. ఎక్కగానే ముందు తెలిసేది ఎత్తు. అటకెక్కి కూర్చున్నట్టుంది. హ్యాండిల్ ఎంత వెడల్పంటే, మొదటి రెండు చెట్ల మధ్య నేను దూరాను గానీ అది దూరలేదు. ఎడమ చేతి వేళ్ళు చెట్టు బెరడుకి గీసుకుని, "అబ్బా!" అని అరిచాను. మలుపుల్లో ఇంకో తంటా. పాత సైకిల్ ఇట్టే తిరిగేది. ఇది మలుపు తిరగమంటే, చూద్దాంలే అన్నట్టు కాస్త ముందుకి పోయి అప్పుడు తిరుగుతోంది. ఎక్కుడు వచ్చినప్పుడు ముందు చక్రం అటూ ఇటూ ఊగింది.

అయితే రాళ్ళ దారి మొదలయ్యాక చూడాలి, నా సామిరంగా! పిడికెడేసి రాళ్ళున్నా, చెట్ల వేళ్ళు పైకి తేలి ఉన్నా, ఆ చక్రాలు ఆగకుండా దొర్లుకుంటూ పోయాయి. ఇక నా నోటికి పట్టపగ్గాల్లేవు.

"ఒరేయ్ చిన్నోడా, చూస్తున్నావా? వెనక షాకు ఎలా మింగేస్తోందో! వెన్నముద్ద మీద కూర్చున్నట్టుందిరా!"

వెనక నుంచి వాడు, "నాకేం కదిలినట్టు కనపడట్లేదు బావా" అన్నాడు.

"అదేరా అందులో గొప్ప. కదిలినట్టు కనపడకుండా కదులుతుంది. ఖరీదైన వస్తువంటే అలాగే ఉంటుంది."

వాడు మర్యాదస్థుడు. సరేనని తొక్కాడు. నిజం చెప్పాలంటే నా నడుము కీళ్ళు ఊడిపోతున్నాయి, మణికట్లు సలుపుతున్నాయి. ఏడాది తర్వాత ఎక్కాను కదా, అలవాటు తప్పి ఉంటుంది అనుకున్నాను. నొప్పి నాది, మెత్తదనం సైకిల్‌ది అని పంచేసుకున్నాను.

రాతి మెట్టు వచ్చింది. పైన ఆగాను. ఏడాదిగా ఆ రాయి గురించి చుట్టాలకీ పేషెంట్లకీ చెప్పి చెప్పి నిలువెత్తు చేశాను. చివరికి క్షవరం చేసే అతను కూడా, "అంతెత్తు మీంచి పడి బతికారంటే మీ ఆయుష్షు గట్టిదండీ" అన్నాడు. ఇప్పుడు మా ఆవిడ కింద ఆ రాయి పక్కనే నిలబడి ఉంది. రాయి ఆవిడ మోకాలి దాకా వచ్చింది.

ఆవిడ రాయిని చూసింది. నన్ను చూసింది. మళ్ళీ రాయిని చూసింది.

"ఇదేనా?" అంది.

"కింద నుంచి అలాగే ఉంటుంది. పైకొచ్చి చూడు, తెలుస్తుంది."

"నేను రోజూ బస్సెక్కే మెట్టు ఇంతకంటే ఎత్తుగా ఉండేది కదండీ, చదువుకునే రోజుల్లో."

టైర్లో గాలి చూశాను. హెల్మెట్ పట్టీ విప్పి మళ్ళీ బిగించాను. కళ్ళజోడు తుడిచాను. ఎండ కళ్ళలో పడుతోందన్నాను. ఎండ వీపు మీద ఉంది. మా చిన్నోడు పాపం చాలాసేపు చూసి, "నేను ముందు దిగనా బావా?" అని, నా పాత సైకిల్ మీద, ఆ చిన్న చక్రాలతోనే, టప్‌మని దిగిపోయాడు. దిగి పక్కకి జరిగాడు. నన్ను చూసి వెక్కిరించనైనా లేదు, వెధవ. వెక్కిరిస్తే కోపమైనా వచ్చేది.

పోయినసారి ఏం జరిగిందో నాకు తెలుసు. సగం దిగాక భయమేసి ముందు బ్రేకు నొక్కేశాను. ఈసారి నాకు నేను చెప్పుకున్నాను: నువ్వేం చెయ్యక్కర్లేదు, రెండు షాకులున్నాయి, అన్నీ అవే చూసుకుంటాయి, నువ్వు ఊరికే కూర్చో. బ్రేకు మీంచి వేళ్ళు తీసేశాను. నేల మీద ఆనించిన కాలు తీసి, సైకిల్‌ని ముందుకి వదిలాను. ముందు చక్రం గాలిలోకి పోయింది, కింద ధన్‌మని తగిలింది, నా పళ్ళు టకటకలాడాయి, వెనక చక్రం కూడా దిగింది. కళ్ళు తెరిచేసరికి చదునైన నేల మీద ఉన్నాను, సైకిల్ మీదే ఉన్నాను.

"దిగాను! దిగాను రోయ్!" అని అరిచాను. చెట్ల మీద పిట్టలు లేచిపోయాయి. ఆ సంతోషంలో మా ఆవిడని సైకిల్ దగ్గరికి లాక్కొచ్చి ఉపన్యాసం అందుకున్నాను. "ఇదీ వెనక షాకు. ఇప్పుడు రాయి దిగానా, అప్పుడిది లోపలికి కుంగింది. ఇంత మెత్తగా! పరుపు మీద దిగినట్టే అనుకో. ముందు షాకయితే ఇంకా..."

ఆవిడ వంగి చూస్తోంది. "ఈ నీలం మీట ఏంటండీ?"

"అదీ షాకుదే. లోపల పెద్ద ఇంజనీరింగు."

"దీని పక్కన తాళంకప్ప బొమ్మ ఉంది. మీట బొమ్మ వైపే తిరిగి ఉంది." ముందుకి నడిచి ఫోర్కు మీద చూసింది. "ఇక్కడా అంతే."

చిన్నోడు కూడా వంగాడు. లేచాడు. దగ్గాడు. "బావా, రెండూ లాక్ చేసి ఉన్నాయి. ఇంటి దగ్గర్నుంచీ ఇంతే."

దుకాణంలో అతను చెప్పనే చెప్పాడు, ఎక్కుడులో షాకులు కదలకుండా మీట మూసుకోండి, దిగుడులో తెరుచుకోండి అని. నేను తల కూడా ఊపాను. సీటు మీద చెయ్యి పెట్టి బలంకొద్దీ నొక్కాను. ఇనప బీరువాని నొక్కినట్టుంది. పొద్దున్నుంచీ నేను వెన్నముద్ద అని పొగిడింది దీన్నే.

మా ఆవిడ ముందు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆ రాయి మీదే కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "పరుపు... పరుపు మీద దిగినట్టే..." అని మళ్ళీ నవ్వు. చిన్నోడు చెట్టు వైపు తిరిగి నిలబడ్డాడు. వాడి భుజాలు ఊగుతున్నాయి. నాకు ఒళ్ళు మండింది. దాంతోపాటు, సిగ్గు విడిచి చెబుతున్నాను, కాస్త ఊరట కూడా కలిగింది. తప్పించుకోవడానికి దారి దొరికింది కదా.

"అయితే ఇది లెక్కలోకి రాదు" అన్నాను.

"దేని లెక్కలోకి?"

నోరు జారింది. ఇక దాచి లాభం లేక పందెం సంగతంతా చెప్పేశాను, పెద్దావిడ పన్నుతో సహా. "సైకిల్ సరిగ్గా లేదు కాబట్టి ఇవాళ దిగినా దిగినట్టు కాదు. వచ్చే ఆదివారం మీటలు తెరిచి మళ్ళీ చూద్దాం. ఈలోపల ఆవిడని ఎదురింటికి..."

మా ఆవిడ నవ్వు ఆగిపోయింది. లేచి నిలబడింది.

"నేనీ సైకిల్ కొననిచ్చింది మీ కంచాల శాస్త్రం విని అనుకున్నారా? ఏడాదిగా పేషెంట్లని ఎదురింటికి పంపిస్తుంటే కౌంటర్‌లో కూర్చుని చూస్తున్నాను. మీ మొహం చూడలేక కొననిచ్చాను. పడితే సైకిల్‌దే తప్పు. సరే, విన్నాను. ఇప్పుడు దిగితే, అదీ సైకిల్ తప్పేనా? మంచికీ చెడ్డకీ సైకిలే అయితే, ఇన్నాళ్ళూ నాతో కాపురం చేస్తోంది ఎవరండీ, సైకిలా?"

చిన్నోడు నీళ్ళ సీసా తెస్తానని కారు దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను సీటుని ఇంకోసారి నొక్కి చూశాను. కదల్లేదు. షాకులు మూసి ఉన్నాయి, రాయి దిగాను, కింద నిలబడి ఉన్నాను. దీన్ని ఎటు తిప్పి చూసినా దిగింది నేనే అవుతున్నాను. నాకది సంతోషంగా లేదు. చచ్చేంత భయంగా ఉంది.

"పెద్దావిడకి ఫోన్ చెయ్యి. రేపు పొద్దున్నే, మొట్టమొదట రమ్మను. మధ్యాహ్నం దాకా ఆగితే నాకు భయం ఎక్కువైపోతుంది" అన్నాను. పెళ్ళయ్యాక భయం అనే మాట ఆవిడ ముందు నేను పైకి అనడం అదే మొదటిసారి.

ఆవిడ ఫోన్ తీసింది. "పెద్దమ్మగారూ, రేపు పొద్దున్నే వచ్చెయ్యండి. ఆయనే తీస్తారు... ఆఁ, ఆయనే..." అని, అటునుంచి పెద్దావిడ చెప్పేదంతా విన్నది.

తర్వాత ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి నా వైపు తిరిగింది.

"ఆవిడకీ భయంగానే ఉందట. కానీ వస్తానంటోంది."