మంచం దిగిన సిగ్రిడ్

మధ్యాహ్నం షిఫ్టుకి వచ్చేసరికి నీరజకి మళ్ళీ కారు పెట్టడానికి చోటు లేదు. ముసలివాళ్ళుండే ఏజ్డ్ కేర్ హోమ్ పార్కింగ్‌లో సగం మేర ఇంద్రధనుస్సు వంతెన దిగి ఉంది. అది దిగిందంటే లోపల ఎవరికో ఆఖరి రోజన్నమాట. ఆస్ట్రేలియాలోని ఈ టూవూంబా ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. చచ్చేవాళ్ళకిచ్చే చోటు పనిచేసేవాళ్ళకివ్వరు అని గొణుక్కుంటూ నీరజ కారుని వీధి చివర వదిలి నడిచొచ్చింది.

"ఎవరక్కా ఇవాళ?" అని అడిగింది.

"సిగ్రిడ్. ఈ రాత్రి దాటదన్నడు డాక్టర్," అంది షిఫ్టు ఇన్‌ఛార్జి శేషుకుమారి, మందుల ట్రాలీ సర్దుకుంటూ. "తీస్కపోయే గుర్రమామె అప్పుడే వచ్చి కూసున్నది."

సిగ్రిడ్‌కి తొంభై ఆరేళ్ళు. నార్వే నుంచి కొత్త పెళ్ళికూతురిగా వచ్చింది. మొగుడు తొందరగా పోతే పాడి ఒక్కతే నడిపింది. మూడు కరువులు చూసింది. ఒక్కగానొక్క కొడుకు ఆర్నే ఇరవై ఏళ్ళకే వియత్నాం యుద్ధంలో పోయాడు. ఈ గుర్రాలవాళ్ళే అతన్ని వల్హల్లాకి, వీరులుండే పై లోకానికి తీసుకెళ్ళారు. అప్పట్నుంచీ ఆమె ఆ వంతెన కోసమే ఎదురుచూస్తోంది.

గదిలో కిటికీ పక్కన గుర్రమామె శిరస్త్రాణం ఒళ్ళో పెట్టుకుని ట్యాబ్‌లో ఏదో నొక్కుతోంది. బయట ఆమె గుర్రం లాన్ మేస్తోంది.

"ఈవిడ కిందికి," అంది గుర్రమామె. "పడకలో పోయేవాళ్ళు అట్టడుగున ఉండే హెల్ లోకానికే. ఆయుధం పట్టి పోరాడుతూ పోతేనే పైకి."

"ఈవిడ కొడుకు పైన ఉన్నాడు," అంది నీరజ.

"తెలుసు. నేనే మోసుకెళ్ళాను. పైవాళ్ళు కిందికి రారు, కిందివాళ్ళు పైకి పోరు."

సిగ్రిడ్ అంతా వింది.

"కింద చలిగా ఉంటుందట," అంది మెల్లగా. "నా స్వెటరు వెయ్యి తల్లీ."

నీరజకి అరికాలి మంట నెత్తికెక్కింది. మనకి లోకాలు పధ్నాలుగు, వీళ్ళకి తొమ్మిది. ఎన్నుంటే ఏం, నలభై ఏళ్ళు చీకటితో లేచి ఎనభై ఆవుల పాలు పితికినదానికి అట్టడుగుదే రాసిపెట్టారు. స్వెటరు అడుగుతోంది పాపం, కొడుకుని అడగాల్సింది పోయి.

రేపల్లెలో నీరజ వాళ్ళ నానమ్మకి ఎగశ్వాస మొదలవగానే చాప పరిచి కిందికి దించారు. మంచమ్మీద ప్రాణం పోనివ్వకూడదు, అంతే. అక్కడ చిన్నపిల్లలకి కూడా ఆ మాట తెలుసు. ఇక్కడేమో ఇద్దరు లేకుండా మనిషిని కదిపితే ఉద్యోగం ఊడుతుంది.

నీరజ మంచం పక్క కమ్మీ దించింది. దుప్పటి నేల మీద పరిచి, సిగ్రిడ్‌ని రెండు చేతులా ఎత్తి దాని మీద పడుకోబెట్టింది. ఆ మనిషిలో బరువే లేదు.

"ఇప్పుడు పడకలో లేదుగా," అంది.

గుర్రమామె తలెత్తింది. "ఆయుధమో?"

నీరజ మూలనున్న చేతికర్ర తెచ్చి సిగ్రిడ్ చేతిలో పెట్టి, వేళ్ళు దాని చుట్టూ ముడిచింది. "మిమ్మల్ని ఆర్నే దగ్గరికి పోనివ్వనంటోంది ఈవిడ. ఊరుకుంటారా?"

కరువుల మీద, బ్యాంకు మీద, కొడుకు చావు కబురు తెచ్చినవాడి మీద కూడా ఎన్నడూ కోప్పడని సిగ్రిడ్ మొహం ఎర్రబడింది. కర్ర లేచింది. గుర్రమామె మోకాలి కింద ఎముక మీద ఠక్కున పడింది. మళ్ళీ పడింది. మూడోసారి లేచి, అక్కడే ఆగిపోయింది.

గుర్రమామె కాలు చూసుకుంది. నెత్తురు కారుతోంది. ట్యాబ్‌లో ఏదో చెరిపి, ఏదో రాసింది. తర్వాత వంగి సిగ్రిడ్‌ని కర్రతో సహా ఎత్తుకుంది. ఒళ్ళు మాత్రం మామూలుగానే నేల మీద మిగిలింది. కాసేపటికి పార్కింగ్‌లో వంతెన లేచిపోయింది.

శేషుకుమారి పరుగున వచ్చింది. "పడ్డదా?"

"పడలేదక్కా. నేనే దించాను."

"ఏం జేసినవ్ నీరజా! రిపోర్టుల పడ్డదని రాయి, నేను చూసుకుంట. దించిన్నని రాస్తే జాబ్ పోతది, వీసా పోతది."

"పడిందని రాయను," అంది నీరజ.

ఫారం లాక్కుని కూర్చుంది. సంఘటన జరిగినప్పుడు రెసిడెంట్ ఏం చేస్తున్నారు అన్న గడిలో, కాగితం చిరిగేంతగా పెన్ను ఒత్తి, 'పోరాడుతున్నారు' అని రాసి, కింద తన పూర్తి పేరు పెట్టింది.