బిగించని పెట్టె

కార్లలో సౌండు బాక్సులు అమర్చే ఆయన్ని అందరూ "బిగింపు మాస్టారు" అనేవాళ్ళు. ఆయన బిగించిన సబ్‌వూఫర్ మోత బాక్సు కదలాలంటే డిక్కీని కోసుకోవాల్సిందేనని పేరు. అడుగున ఇనుప పట్టీలు, వాటిలోంచి కారు నేలలోకి బోల్టులు. "సడన్‌గా బ్రేకేస్తే ఈ బరువు ఎక్కడికి పోతుందనుకున్నారు? మీ వీపు మీదికే!" అని వచ్చినవాళ్ళను హడలగొట్టేవాడు కూడా.

మరి సొంత కారులో? దీపం కింద చీకటి. బాక్సును ఒకరోజు సీటు వైపు తిప్పేవాడు, మరోరోజు పైకి, ఇంకోరోజు పక్కకి జరిపేవాడు. బోల్టు వేస్తే నేలకు కన్నం పడుతుంది, కన్నం పడితే చోటు ఖాయమైపోతుంది. ఇంతకంటే మంచి చోటు ఉందేమోనన్న పిచ్చి ఆయన్ని బోల్టు ముట్టనివ్వలేదు.

"ఆ ఎడమ మూలలో, వెనక్కి తిప్పి పెట్టినప్పుడు బాగుందండీ. అక్కడే బిగించేయరాదూ?" అంది భార్య, మొదటి రోజే. ఆవిడ దర్జీ.

"కత్తెర చప్పుడు తప్ప నీకేం తెలుసే!" అని నవ్వాడు. పాపం, ఆవిడా నవ్వింది.

ఒక ఆదివారం, డిక్కీలోని మోత లోపలికి ఇంకా బాగా రావాలని వెనక సీటు సగం మడిచాడు. మిగతా సగంలో ఆవిడ్ని కూర్చోబెట్టాడు. "ఎలా ఉందో విని చెప్పు" అన్నాడు. దారిలో కుక్క అడ్డం వచ్చింది. బ్రేకు వేశాడు. కుక్క బతికింది. బాక్సు మడిచిన సీటు మీదుగా దూసుకొచ్చి ఆవిడ కుడి మోచేతికి తగిలింది.

ఎముక అతికింది గానీ చెయ్యి పూర్తిగా చాపుకోలేకపోతోంది. పెద్ద కత్తెర మేకుకు వేలాడుతోంది. ఆవిడ తిట్టినా బాగుండేది, ఆయనకు అన్నం సహించేది.

ఈ ఉదయం ఆయన డ్రిల్లు తీశాడు. కింద పెట్రోలు ట్యాంకు లేని చోటు చూసుకుని, ఎడమ మూలలో, బాక్సు ముఖం వెనక్కి తిప్పి, బోల్టులు బిగించాడు. సీటు నిలబెట్టి పాట పెట్టాడు. అక్కడ బాగోకపోతే బాగుండునని లోపల్లోపల కోరుకున్నాడు కూడా. పాట నిండుగా వచ్చింది. ఇన్నాళ్ళూ ఆయన వెతికిన మోత అదే.

"బాగుందా?" అన్నాడు, ఆవిడ ముఖం చూడలేక.

"అప్పుడూ బాగానే ఉందిగా" అంది ఆవిడ. నిష్ఠూరమేం లేదు ఆ గొంతులో.

ఆవిడ డిక్కీ మూత వేయబోయింది. అలవాటు కొద్దీ కుడి చెయ్యే లేచింది. సగంలోనే ఆగిపోయింది.

"మీరు వేసేయండి" అని చెయ్యి కొంగులో దాచుకుంది.